దీపం వెలిగే మైకుపెట్టె

బోడికొండల మధ్య చిత్తడికోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. అడవి నడుమ ఒక ఏరు పారేది. ఏటికి అవతల రాళ్లగుట్టల్లో ఒక చిరుత ఉండేది. అది ఎవరితోనూ కలిసేది కాదు. ఆకలేసినప్పుడు మాత్రం ఇవతలికి వచ్చేది.

చిరుత రాకను అందరికన్నా ముందు పసిగట్టేవాడు సింగన్న. సింగన్న ఒక ముసలి కొండముచ్చు. ఏటి ఒడ్డున ఉన్న మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని కాపలా కాసేవాడు. గడ్డి కదిలిందంటే చాలు, "ఖర్ర్! ఖర్ర్!" అని అరిచేవాడు. ఆ కేక వినగానే అందరూ ఎక్కడివాళ్లక్కడ దాక్కునేవారు.

వానాకాలం వస్తే మాత్రం అంతా తలకిందులయ్యేది. ఏరు పొంగి హోరున పారేది. ఆ హోరులో సింగన్న గొంతు చించుకున్నా ఎవరికీ వినపడేది కాదు.

ఆ అడవిలో దూదెమ్మ అనే కుందేలు ఉండేది. కిందటి వానాకాలంలో అది మేతకు వెళ్లి తిరిగొచ్చేసరికి బొరియ ముందు మట్టి తవ్వి ఉంది. లోపల పిల్లలు లేవు. సింగన్న ఆ రోజు ఎంతో అరిచాడు. పాపం, దూదెమ్మకు ఒక్క కేకా వినపడలేదు. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, దాని కాళ్లు వణికేవి.

ఈ ఏడు దూదెమ్మకు మళ్లీ పిల్లలు పుట్టాయి. అవి ఇంకా కళ్లు కూడా సరిగా తెరవలేదు. పడమటి కొండ మీద మబ్బులు నల్లగా కమ్ముకుంటున్నాయి. ఇంకాస్సేపట్లో కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి వాన తప్పదు. దూదెమ్మకు తిండి సయించడం లేదు.

దుప్పుల పెద్ద పేరు కొమ్ములదొర. ఆయన కొమ్ములు ఎంత పెద్దవో ఆయన మాటలు అంతకన్నా పెద్దవి. ఆయన అందరినీ పిలిచి, "మనుషుల జాతరలో మైకులు మోగడం మీరు విన్నారు కదా! అలాంటిదొకటి సింగన్న నోటి ముందు పెడితే ఏరు ఎంత హోరెత్తినా భయం లేదు. పాతదైనా పరవాలేదు. జాలం మీద వేలంలో దొరుకుతుంది. ఆ సంగతి నాకొదిలేయండి" అన్నాడు.

జాలం అంటే ఏమిటో చెప్పాలి కదా! ఆ చుట్టుపక్కల సాలీళ్లు ఒక కొండ నుంచి ఇంకో కొండకు దారాలు కట్టాయి. ఒక కొసన మాట్లాడితే రెండో కొసన వినిపించేది. దూరపు అడవుల జంతువులు మనుషులు పారేసిన వస్తువులను ఆ దారాల మీదే వేలం వేసేవి. అమ్మేవాడు కనిపించడు. అతని మాట మాత్రం వినిపిస్తుంది. జాలం అంటే వల అని అందరికీ తెలుసు. మాయ అనే అర్థం కూడా ఉందని ఎవరికీ గుర్తు లేదు.

చిత్తడికోనలో దారం కొసన ఉండే సాలీడు పేరు సాలెమ్మ. అది ఒక ఎండుమొద్దు మీద కాపురం ఉండేది. అమ్మిన సరుకు ఆ మొద్దు దగ్గరికే రావాలి. కొన్నవాళ్లు అక్కడే చూసుకుని, సరేనన్నాకే సరుకుకు బదులుగా ఇప్పపూలు ఇవ్వాలి. ఇది సాలెమ్మ పెట్టిన పద్ధతి.

ఆ పూట వేలానికి రెండు మైకుపెట్టెలు వచ్చాయి. సాలెమ్మ గొంతు సవరించుకుని మొదటిదాని వివరం చెప్పింది.

"అమ్మేవారు ఉరుముల అంగడి. ఊరు దూరపు నల్లమట్టి కొండ. పెట్టె నిగనిగలాడుతోంది. ఒక్క గీత కూడా లేదు. రెండు బూరలున్నాయి. మీట నొక్కితే దీపం వెలుగుతుంది. ఇలాంటిది మళ్లీ దొరకదు. పొద్దు వాలేలోపు తీసుకోవాలి."

రెండోదాన్ని అమ్మేది బొచ్చన్న అనే ఎలుగుబంటి. సాలెమ్మ అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది.

"పెట్టె అంచులు ఎలుకలు కొరికాయి. రెండు బూరల్లో ఎడమది మూగబోయింది. కుడిది మోగుతుంది. తడి తగిలితే గరగరమంటుంది. విని కొనుక్కోండి. విన్నాక నన్ను తిట్టొద్దు."

కొమ్ములదొర పగలబడి నవ్వాడు. "తన సరుకును తానే తిట్టుకునేవాడి దగ్గర ఎవరు కొంటారు? నాకు రెండు కొమ్ములున్నాయి. నా అడవికి రెండు బూరలు కావాలి. మొదటిదే కొందాం!"

అందరూ తలలూపారు. దూదెమ్మ మాత్రం ముందుకు వచ్చి మెల్లగా అంది. "దొరా, ఒక సందేహం. దీపం వెలుగుతుందన్నాడు కానీ మోగుతుందని ఎక్కడా అనలేదేం?"

"దీపం వెలిగిందంటే మోగుతుందనే కదా అర్థం!"

"మిణుగురుకూ దీపం వెలుగుతుంది. అది మోగదు కదా దొరా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. కొమ్ములదొర ముఖం మాడ్చుకున్నాడు. "సాలెమ్మా, ఈ అంగడి గురించి కొన్నవాళ్లు ఏమన్నారో దీనికి చెప్పు" అన్నాడు.

సాలెమ్మ దారం సవరించి వినిపించింది. "బంగారంలాంటి అంగడి, చెప్పినట్టే ఇచ్చాడు. బంగారంలాంటి అంగడి, చెప్పినట్టే ఇచ్చాడు. బంగారంలాంటి అంగడి..." అలా చాలాసేపు సాగింది.

"విన్నావా?" అన్నాడు దొర.

"విన్నాను. అందరికీ ఒకటే మాట ఎలా వచ్చిందక్కా? వాళ్లు ఏం కొన్నారు?" అని దూదెమ్మ సాలెమ్మను అడిగింది.

సాలెమ్మ కాస్త తడుముకుంది. "ఒకరు ఈక కొన్నారు. ఒకరు గులకరాయి. ఇంకొకరు నారపోగు. మైకు కొన్నవాళ్లు ఎవరూ లేరమ్మా."

దూదెమ్మకు నమ్మకం కలగలేదు. గులకరాయి చెప్పినట్టే ఇవ్వడం ఏం గొప్ప? అది దారం దగ్గరికి వెళ్లి, "అయ్యా, అంగడివారూ! పెట్టెను దారం దగ్గర పెట్టి ఒక్కసారి మోగించండి. విని కొంటాం" అని అడిగింది.

జవాబు వెంటనే వచ్చింది. గొంతు ఎంతో మెత్తగా ఉంది. "చాలామంది అడుగుతున్నారమ్మా. ఆలస్యం చేస్తే మీదే నష్టం. మీరంటే అభిమానం కలిగింది కాబట్టి ఒక మాట చెబుతాను. సాలెమ్మ మొద్దు దాకా ఎందుకు? మీరే నేరుగా వచ్చేయండి, సగం ఇప్పపూలకే ఇస్తాను. పక్క లోయలో పొడిగుహ దగ్గర, దారం కొస పక్కనే పెట్టెతో ఉంటాను. పెట్టె చాలా బరువు, బలమైనవాళ్లు రండి. మీ కాపలావాణ్ణి కూడా తీసుకురండి. మోగించే తీరు నేర్పిస్తాను."

కొమ్ములదొర ఎగిరి గంతేశాడు. "సగానికే! ఇంతకన్నా మర్యాద ఏం కావాలి?"

మాట అయిపోయినా దూదెమ్మ చెవి మాత్రం దారం మీదే ఉంది. అవతలి కొసన ఎవరో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నారు. ఆ ఊపిరి వెనక నీళ్ల చప్పుడు ఉంది. నీళ్లు బోలురాయి మీద పడి, డబ్... డబ్... అంటున్నాయి. ఆ చప్పుడు దూదెమ్మకు తెలుసు. అది రోజూ వినే చప్పుడే.

అది దారం వదిలి దొర దగ్గరికి గెంతింది.

"దొరా! ఇతను దూరపు కొండ అన్నాడు. కానీ ఇది మన ఏరు! మన ఏటి బోలురాయి!"

"అన్ని ఏర్లూ నీళ్లే, అన్నిటికీ చప్పుడే" అని దొర విసుక్కున్నాడు. "నీకు పొద్దున లేస్తే భయం. ఆకు రాలినా భయమే. నీ మాట వింటే మనం వానలో చెవిటివాళ్లలా చావాల్సిందే. మోరయ్యా, ఇప్పపూల మూటలు ఎత్తు. సింగన్నా, దిగు!"

మోరయ్య అడవిపంది. దొర ఏం చెబితే అది చేస్తాడు. వేసవంతా అందరూ కలిసి ఏరిన ఇప్పపూల మూటలను వీపు మీద వేసుకున్నాడు. సింగన్న కూడా చెట్టు దిగసాగాడు. తన గొంతు చాలడం లేదన్న బాధ ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

దూదెమ్మ పరుగున వెళ్లి చెట్టు మొదట్లో నిలబడింది. "తాతా, దిగొద్దు! నువ్వు దిగితే ఏటి వైపు చూసేదెవరు?"

"ఒక్క పూటకే కదమ్మా" అన్నాడు సింగన్న.

"కిందటేడు నా పిల్లలు పోయింది కూడా ఒక్క పూటలోనే తాతా."

సింగన్న ఆ మాటకు ఆగిపోయాడు. కాసేపు కిందికి చూశాడు, కాసేపు పైకి చూశాడు. తర్వాత, "దొరా, మీరు వెళ్లిరండి. నా చోటు ఇదే" అని మళ్లీ పైకెక్కాడు.

"పిరికిదాని మాట విని నువ్వూ పిరికివాడివయ్యావు!" అని కొమ్ములదొర కోపంగా కాలితో నేలను తన్నాడు. కొమ్ములు విదిలించి మోరయ్యతో లోయ దారి పట్టాడు.

మబ్బులు కమ్మడంతో మధ్యాహ్నమే చీకటి పడినట్టయింది. గాలి ఆగిపోయింది. దూదెమ్మ మొద్దు దగ్గర కూర్చుని దారానికి చెవి ఆనించింది. దాని మనసు నిలకడగా లేదు. ఒకవేళ ఆ పెట్టె మంచిదే అయితే? తన భయమే అందరి కొంప ముంచితే? వానలో పిల్లలకు ఏమైనా అయితే అప్పుడు ఎవరిని అనాలి? మోసమైనా భయమే, నిజమైనా భయమే. ఆ రెండు భయాల మధ్య అది నలిగిపోయింది.

దారం అవతలి కొస నుంచి గిట్టల చప్పుడు వినిపించింది. రాళ్ల మీద నడుస్తున్నారు.

"అంగడివారూ! మేం వచ్చాం!" అది దొర గొంతు.

"దొరా, అదిగో పెట్టె! దీపం వెలుగుతోంది!" అది మోరయ్య గొంతు.

"చూశావా? ఆ కుందేలు ఇప్పుడుంటే బాగుండేది. అంగడివాడేడీ? సరే, ముందు పెట్టె ఎత్తు."

పెట్టెను లేపిన చప్పుడు వినిపించింది. తర్వాత మోరయ్య అన్నాడు. "దొరా, బరువన్నాడు కదా? ఇది ఉట్టి డొల్లలా ఉందే!"

అంతదాకా దారంలో వినిపిస్తున్న ఆ నెమ్మది ఊపిరి ఠక్కున ఆగిపోయింది.

అది ఎందుకు ఆగుతుందో దూదెమ్మకు తెలుసు. దూకబోయే ముందు వేటాడే జంతువు ఊపిరి బిగబడుతుంది.

"పారిపోండి! దొరా, పారిపోండి!" అని దూదెమ్మ దారంలోకి అరిచింది. దాని గొంతు ఎంత ఉంటుంది? ఒక్క గర్జన వినిపించింది. రాళ్లు దొర్లాయి. దారం ఒక్కసారి బిర్రబిగిసి, తెగి, వదులుగా వేలాడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. సాలెమ్మ కాళ్లు ముడుచుకుని మొద్దు పగుల్లోకి దూరిపోయింది.

చాలాసేపటికి మోరయ్య ఒక్కడే వచ్చాడు. భుజం చీలి రక్తం కారుతోంది. ఇప్పపూల మూటలు లేవు. అందరూ చుట్టూ మూగారు.

"అంగడివాడు చిరుతే" అన్నాడు మోరయ్య ఏడుస్తూ. "పెట్టెలో ఏమీ లేదు. లోపల మిణుగురులను నింపి పెట్టాడు. దొర నన్ను వెనక్కి తోసి కొమ్ములు అడ్డం పెట్టాడు. ఆ కొమ్ములు గుహ రాళ్లలో ఇరుక్కుపోయాయి."

ఇక ఆయన రాడని అందరికీ అర్థమైంది. దుప్పులు తలలు వంచుకున్నాయి. తన మాట నిజమైందన్న సంతోషం దూదెమ్మకు ఇసుమంత కూడా కలగలేదు. గొప్పలు చెప్పుకున్నా దొర చెడ్డవాడు కాదు. చివరికి మోరయ్యను కాపాడింది ఆయనే. దూదెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఇక ఆ జాలమే వద్దు! అమ్మేవాళ్లంతా దొంగలే! ఎవరినీ నమ్మొద్దు!" అని మోరయ్య అరిచాడు. మిగతావాళ్లు కూడా అవునవునన్నారు.

అప్పుడు ఏటి మీద ఉరిమింది. దూదెమ్మ తల ఎత్తి మబ్బుల వైపు చూసింది. చిరుత ఈ పూటకు కడుపు నిండి పడుకుంటుంది. మళ్లీ ఆకలేస్తే వస్తుంది. అప్పటికి ఏరు హోరెత్తి ఉంటుంది. ఎవరినీ నమ్మకపోతే పిల్లలు దక్కుతాయా? నమ్మడం ఎంత భయమో, నమ్మకుండా కూర్చోవడం కూడా అంతే భయం.

అది సాలెమ్మను బతిమాలి దారం అతికించమంది. ఈసారి బొచ్చన్నతో మాట్లాడింది.

"ఏం కావాలి?" అన్నాడు బొచ్చన్న. గొంతు మొరటుగా ఉంది.

"మీ పెట్టె కొన్నవాళ్లు... అంటే, మీ దగ్గర ఇదివరకు మైకులు కొన్నవాళ్లు ఏమన్నారు?"

"ముంగిస ఒకడు కొన్నాడు. సరుకు ఆలస్యమైందని తిట్టాడు. నిజమే, తేనె తిని నిద్రపోయాను. ఉడుము కొన్నది ఇంకా మోగుతూనే ఉందట. వాళ్లనే అడుక్కో."

దూదెమ్మ వాళ్లను అడిగింది. ఇద్దరూ చెరొక తీరున చెప్పారు, మాటలు కలవలేదు, సంగతి మాత్రం కలిసింది. తర్వాత అది మళ్లీ బొచ్చన్నను అడిగింది. "ఎన్నాళ్లు పనిచేస్తుంది?"

"తెలీదు. తెలీనిదానికి మాటివ్వను. అది సరే, మీ ఏరు ఎంత హోరు పెడుతుంది? అంత హోరులో వినిపించకపోతే నీకు దండగ. మొద్దు దగ్గరికి తెస్తాను. విను. నచ్చకపోతే మోసుకుపోతాను. తిట్టుకుంటూ మోసుకుపోతాననుకో."

బొచ్చన్న చెప్పినట్టే వచ్చాడు. పెట్టె నిజంగానే అందవికారంగా ఉంది. సింగన్న చెట్టు దగ్గర దాన్ని పెట్టారు. దూదెమ్మ తన బొరియ దాకా వెళ్లి కూర్చుంది. అందరూ బాగుందన్నా అది నమ్మదలచుకోలేదు. తన చెవితో, తన చోటు నుంచే వినాలి. సింగన్న మీట నొక్కి "ఖర్ర్!" అన్నాడు. ఏటి మీదుగా, పొదల మీదుగా ఆ కేక వచ్చి బొరియలో మారుమోగింది. పిల్లలు ఉలిక్కిపడి తల్లి పొట్ట కిందికి దూరాయి.

అడవిలో మిగిలిన కొద్దిపాటి ఇప్పపూలను బొచ్చన్నకు ఇచ్చారు. అతను సగం అక్కడే తినేసి వెళ్లిపోయాడు. సింగన్న పెట్టె మీద తడి పడకుండా మోదుగాకులు కప్పాడు.

ఆ మర్నాడే వాన మొదలైంది. రోజుల తరబడి కురిసింది. ఏరు పొంగి చెట్ల మొదళ్లను కొట్టింది. ఆ హోరులో పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడడం లేదు. దూదెమ్మ బొరియకు కాస్త దూరంలో గడ్డి కొరుకుతోంది. పిల్లలకు అప్పుడప్పుడే కాళ్లు వచ్చాయి. అవి బయట చినుకుల్లో గెంతుతున్నాయి.

గర... గరగర... అని ఏదో వినిపించింది. దూదెమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఉరుమా? చెట్టు విరిగిందా? లేక పెట్టె తడిసిందా?

"గరగర... ఖర్ర్! ఖర్ర్! ఖర్ర్!"

దూదెమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. ఒక్క దూకున పిల్లల దగ్గరికి వెళ్లి, ముక్కుతో నెట్టి, పళ్లతో పట్టి, అన్నిటినీ బొరియలోకి తోసింది. తానూ దూరి అడుగు దాకా పోయింది. అడవంతా ఒక్క క్షణంలో ఖాళీ అయిపోయింది.

కాసేపటికి పైన మట్టి రాలింది. బరువైన అడుగు ఒకటి బొరియ మీద పడింది. ఇంకొకటి పడింది. ఒక ముక్కు లోపలికి వాసన పీల్చింది. ఒక పంజా దూరి మట్టిని గీరింది. పిల్లల గుండెలు దూదెమ్మ పొట్టకు ఆనుకుని టకటకా కొట్టుకుంటున్నాయి. ఒక్కదానికీ మూలిగే ధైర్యం లేదు. దూదెమ్మ కళ్లు మూసుకుని చెవులు మాత్రం తెరిచి ఉంచింది.

పంజా వెనక్కి పోయింది. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

చాలాసేపటికి అన్నిటికన్నా చిన్న పిల్ల గుసగుసగా అడిగింది. "అమ్మా, వెళ్లిపోయిందా? ఇక బయటికి రావచ్చా?"

"నేను చెప్పానని రాకు" అంది దూదెమ్మ. "చెవి నేలకు ఆనించు. నువ్వే విను."

పిల్ల తన బుల్లి చెవిని తడిమట్టికి ఆనించింది. మిగతావి కూడా ఒక్కొక్కటే ఆనించాయి. ఒక్కటీ తక్కువ లేదు. దూదెమ్మ వాటిని చూస్తూ, ఇంకా వణుకుతూనే, తానూ వినసాగింది.

నీతి: తీపి మాటలకూ తొందరపెట్టేవాడికీ లొంగకూడదు, అలాగని అందరూ దొంగలేనని చేతులు కట్టుకుని కూర్చోకూడదు. అడగాల్సింది అడిగి, స్వయంగా పరీక్షించి, ఆ తర్వాతే నమ్మాలి.